హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ‘బలహీన ఆమ్లమే’ అయితే ఇంత భయం ఎందుకు?

మీరు అడిగినవి ముందు ఒక్కచోట పెడతాను. స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్యాబ్రికేషన్ పనిలో కొత్తగా చేరారు. వెల్డింగ్ మచ్చలు పోవడానికి పూసే పికిలింగ్ పేస్ట్‌లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉందని డబ్బా మీద చూశారు. కాలేజీలో దాన్ని బలహీన ఆమ్లం అని చదువుకున్నారు. సల్ఫ్యూరిక్‌కి వాడే గ్లౌజులే దీనికీ సరిపోతాయా? చర్మం మీద పడితే నీళ్లతో కడిగితే చాలా? ‘నా చేతి మీద చాలాసార్లు పడింది, మంట కూడా రాలేదు’ అంటున్న సీనియర్ మాట నమ్మొచ్చా? కడిగిన నీళ్లు, ఖాళీ డబ్బాలు ఏం చేయాలి?

గ్లౌజుల్ని ఈ యాసిడ్‌కి తగ్గట్టు విడిగా ఎంచుకోవాలి. నీళ్లు తప్పనిసరే కానీ నీళ్లు ఒక్కటే చాలవు. మంట రాలేదన్నది ధైర్యం తెచ్చుకోవాల్సిన విషయం కాదు, ఈ యాసిడ్‌తో ఉన్న అసలు చిక్కే అది. ఎందుకో తెలిస్తే మిగతా జాగ్రత్తలు బట్టీ పట్టక్కర్లేదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పుస్తకంలో రాసింది తప్పు కాదు. ఆమ్లం బలం అంటే నీళ్లలో కలిసినప్పుడు ఎంత భాగం అయాన్లుగా విడిపోతుందన్న లెక్క, అంతే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ దాదాపు మొత్తం విడిపోతుంది. హైడ్రోజన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య బంధం చాలా గట్టిది కాబట్టి హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, పనిచేసే చోట అందరూ అనే హెచ్‌ఎఫ్, పలుచని ద్రావణంలో కొద్దిగానే విడిపోతుంది. దాని పీకేఏ విలువ (ఇది ఎంత ఎక్కువైతే ఆమ్లం అంత బలహీనం) సుమారు 3.2. అయితే ఈ బలహీనత పలుచని ద్రావణాలకే వర్తిస్తుంది. గాఢత పెరిగేకొద్దీ లెక్క మారిపోతుంది. నీళ్లు అసలు లేని హెచ్‌ఎఫ్‌ని అతి బలమైన ఆమ్లాల పక్కనే పెట్టాలి.

ఇక పుస్తకం చెప్పని సంగతి. విడిపోకుండా మిగిలిన ఆ హెచ్‌ఎఫ్ అణువు చాలా చిన్నది, దాని మీద విద్యుదావేశం లేదు. అయాన్లను అడ్డుకునే చర్మం దీన్ని అంతగా అడ్డుకోలేదు. సల్ఫ్యూరిక్ పడితే పై చర్మం అక్కడికక్కడే కాలుతుంది, వెంటనే మంట పుడుతుంది, మనిషి ఎగిరి గంతేసి నల్లా దగ్గరికి పరిగెడతాడు. పలుచని హెచ్‌ఎఫ్ అలా కాదు. చాప కింద నీరులా లోపలికి ఇంకిపోయి, కణజాలంలోకి వెళ్లాక అక్కడ విడిపోతుంది. అప్పుడు బయటికొచ్చే ఫ్లోరైడ్ అయాన్ కాల్షియం, మెగ్నీషియం ఎక్కడ దొరికితే అక్కడ పట్టేసుకుంటుంది. కణాలు చచ్చిపోతాయి, వాటిలోంచి పొటాషియం బయటికొస్తుంది. నరాల చివర్లు అల్లాడిపోయి, పైకి కనిపించే గాయానికి ఏ మాత్రం పొంతన లేనంత నొప్పి మొదలవుతుంది. వేలి లాంటి చోట ఎముక దాకా పోగలదు. ఎక్కువ మోతాదు పడితే రక్తంలో కాల్షియం పడిపోయి గుండె లయ తప్పుతుంది. హెచ్‌ఎఫ్ ప్రమాదాల్లో మనుషులు చనిపోవడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. గుండె ఆగేదాకా కాలిన చోట చర్మం పెద్దగా మారకపోవచ్చు కూడా.

అందుకే మీ సీనియర్ మాట నమ్మకండి. నొప్పి ఎప్పుడు మొదలవుతుందన్నది గాఢతని బట్టి ఉంటుంది. 50 శాతం దాటితే వెంటనే తెలుస్తుంది. 20 నుంచి 50 శాతం మధ్య అయితే గంట నుంచి ఎనిమిది గంటల దాకా ఆలస్యం కావచ్చు. 20 శాతం లోపు అయితే ఒక్కోసారి 24 గంటల దాకా ఏమీ తెలియదు. పికిలింగ్ పేస్ట్‌లో ఉండేది ఈ చివరి కోవలోదే, సాధారణంగా కొద్ది శాతమే. పైగా అందులో నైట్రిక్ యాసిడ్ కూడా ఉంటుంది, అదింకో మాయ చేస్తుంది. పడగానే చురుక్కుమనేది నైట్రిక్, చర్మం పసుపు రంగుకి తిరిగేదీ నైట్రిక్ వల్లే. కడిగితే ఆ చురుకు తగ్గుతుంది, అయిపోయిందనుకుంటారు. రాత్రి పడుకున్నాక గోరు కింద సలుపు మొదలవుతుంది. అప్పటికి పొద్దున పేస్ట్ పట్టుకున్న సంగతి గుర్తు కూడా ఉండదు, డాక్టర్‌కి చెప్పాలన్న ఆలోచనా రాదు. గోరుచుట్టు అనుకుని ఏదో పూసుకున్నవాళ్లను చూశాను.

పేస్ట్ పలుచనిదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. గాఢమైన హెచ్‌ఎఫ్‌తో శరీరం మీద కేవలం 2.5 శాతం మేర కాలినా ప్రాణం పోయిన సందర్భాలు వైద్య నివేదికల్లో ఉన్నాయి. వేళ్లతో కలిపి అరచేయి ఒక శాతం అనుకుంటే, అది రెండున్నర అరచేతులంత. సల్ఫ్యూరిక్ లాంటి మామూలు యాసిడ్‌తో అంత గాయానికి సాధారణంగా చావు అన్న మాటే రాదు.

ఇప్పుడు పదార్థం సంగతి. నీళ్లు లేని హెచ్‌ఎఫ్ 19.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది, అంటే మామూలు గది వేడిలో అది గ్యాస్. ఫ్యాక్టరీలకి ఎక్కువగా వచ్చేది ఒకటి అది, ఇంకొకటి సుమారు 70 శాతం ద్రావణం. కంప్యూటర్ చిప్స్ తయారీలో 49 శాతం ద్రావణం వాడతారు. 70 శాతం ద్రావణం మూత తీస్తే తెల్లగా పొగలు కక్కుతుంది. ఆ పొగ ఊపిరితిత్తులకు చేసే హాని కూడా ఆలస్యంగానే బయటపడుతుంది, కొన్ని గంటల తర్వాత లోపల నీరు చేరుతుంది. గాలిలో 30 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 30 భాగాలు, ఉంటే ప్రాణానికి తక్షణ ప్రమాదం అని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. ఎనిమిది గంటల షిఫ్టుకి అక్కడి చట్టపరమైన సగటు పరిమితి 3 పీపీఎం.

ఒక విచిత్రం ఏమిటంటే, అణుభారం చూస్తే హెచ్‌ఎఫ్ గాలి కంటే తేలిక, 20 మాత్రమే. పైకి లేచి చెదిరిపోవాలి. కానీ దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కడతాయి. ఒత్తిడిలోంచి ఒక్కసారిగా బయటికొస్తే చల్లబడి, సన్నని తుంపరలతో బరువైన మబ్బులా నేలని అంటుకుని పాకుతుంది. 1986లో నెవాడా ఎడారిలో ‘గోల్డ్‌ఫిష్’ పేరుతో కావాలనే హెచ్‌ఎఫ్ వదిలి చేసిన పరీక్షల్లో ఈ మబ్బు ఎన్నో కిలోమీటర్లు పోగలదని తేలింది. అంతకు ముందు దాకా ఎక్కువ భాగం ద్రవంగా కిందే పడిపోతుందని అనుకునేవాళ్లు.

గాజుని తినేస్తుందన్నది అందరికీ తెలిసిందే. గాజులోని సిలికాతో కలిసి సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే వాయువు, దాంతోపాటు ఫ్లోరోసిలిసిక్ యాసిడ్ తయారవుతాయి. ఇసుక, పింగాణీ, కాంక్రీటు, మట్టి ఆధారిత శోషకాలు అన్నీ దీనికి ఆహారమే. ఇది ఎందుకు గుర్తుంచుకోవాలంటే, షెడ్డులో నిప్పు కోసం పెట్టిన ఇసుక బకెట్ చేతికందగానే ఒలికిన యాసిడ్ మీద పోయాలనిపిస్తుంది. హెచ్‌ఎఫ్ మీద అది పోయకూడదు, విషవాయువు పెరుగుతుంది.

ఇంత ప్రమాదమైతే ఎందుకు వాడుతున్నారని మీకు అనిపించొచ్చు. ఫ్లోరిన్ ఉన్న దాదాపు ప్రతి వస్తువూ దీని గుండానే రావాలి కాబట్టి. ఫ్లోర్‌స్పార్ ఖనిజాన్ని గాఢ సల్ఫ్యూరిక్‌తో కలిపి వేడి చేస్తే హెచ్‌ఎఫ్, జిప్సం జాతి పదార్థం వస్తాయి. 1771లో రసాయన శాస్త్రవేత్త షీలే చేసింది స్థూలంగా ఇదే, ఇప్పటి ఫ్యాక్టరీలు చేసేదీ ఇదే. అక్కడి నుంచి ఫ్రిజ్, ఏసీల్లో వాడే వాయువులు, నాన్‌స్టిక్ పూతగా తెలిసిన టెఫ్లాన్, అల్యూమినియం తీసే తొట్లలో వేసే అల్యూమినియం ఫ్లోరైడ్, యురేనియం శుద్ధికి కావాల్సిన హెక్సాఫ్లోరైడ్ వస్తాయి. పెట్రోలు రిఫైనరీల్లో ఐసోబ్యూటేన్‌ని ఒలెఫిన్లనే హైడ్రోకార్బన్లతో కలిపి, పెట్రోల్లో కలిపే ఆక్టేన్ ఎక్కువున్న ఆల్కిలేట్ చేయడానికి ఇది ఉత్ప్రేరకం. చిప్స్ తయారీలో సిలికాన్‌ని వదిలేసి దాని మీది ఆక్సైడ్ పొరని మాత్రమే తీయగలదు, ఈ పని ఇంత శుభ్రంగా చేసే ద్రవం ఇంకొకటి చెప్పడం కష్టం. మన స్టెయిన్‌లెస్ పనిలో వెల్డింగ్ వేడికి ఏర్పడిన ఆక్సైడ్ పొరనీ, దాని కింద క్రోమియం తగ్గిన పొరనీ నైట్రిక్‌తో కలిసి తొలగిస్తుంది. ఆ పొరలు ఉండిపోతే తర్వాత అక్కడే తుప్పు మొదలవుతుంది.

దీని చరిత్రంతా గాయాలే. ఫ్లోరిన్‌ని విడిగా తీయాలని ప్రయత్నించినవాళ్లలో ఐర్లండ్‌కి చెందిన నాక్స్ సోదరులు తీవ్రంగా విషప్రభావానికి గురయ్యారు, బెల్జియం శాస్త్రవేత్త లూయే, ఫ్రాన్స్‌కి చెందిన నిక్లెస్ ప్రాణాలే పోగొట్టుకున్నారు. చివరికి 1886 జూన్ 26న మోయిసాన్ సాధించాడు, 1906లో నోబెల్ వచ్చింది.

మన కాలానికి వస్తే, 2012 సెప్టెంబరు 27న దక్షిణ కొరియాలోని గుమి దగ్గర ఓ ఫ్యాక్టరీలో ట్యాంకర్ నుంచి హెచ్‌ఎఫ్ దించుతుండగా సుమారు 8 టన్నులు లీకైంది. ఐదుగురు చనిపోయారు, చుట్టుపక్కల పంటలు మాడిపోయాయి, వేలమంది ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. అక్కడ పనిచేస్తున్నవాళ్లకు తగిన రక్షణ సూట్లు లేవు. 2019 జూన్ 21న ఫిలడెల్ఫియా రిఫైనరీలో ఆల్కిలేషన్ యూనిట్ పేలినప్పుడు రెండు టన్నులకు పైగా హెచ్‌ఎఫ్ బయటికొచ్చింది. కారణం ఒక పైపు వంపు. ఆ ముక్క ఉక్కులో నికెల్, రాగి ఎక్కువ ఉండటంతో పక్క ముక్కల కంటే వేగంగా అరిగిపోయింది. నాకు ఈ రెండోది ఎక్కువ ఆలోచన తెప్పిస్తుంది. ఆ లైనులో వేరే చోట్ల పైపు మందం కొలుస్తూనే ఉన్నారు, ఆ వంపుని మాత్రం కొలవలేదు.

సరే, మీ షాపు. మొదట అడగాల్సింది గ్లౌజుల గురించి కాదు, ఈ పనికి హెచ్‌ఎఫ్ కావాలా అని. పలుచని వెల్డింగ్ రంగు మాత్రమే తీయాలంటే ఫాస్ఫారిక్ ఆధారిత ద్రవంతో పనిచేసే ఎలక్ట్రోకెమికల్ క్లీనింగ్ మెషీన్లు ఉన్నాయి, చాలా పనులకు అవి చాలు. సిట్రిక్ యాసిడ్ గురించి కూడా చెబుతారు, కానీ అది ఉపరితలాన్ని పాసివేట్ చేయడానికి, అంటే తుప్పుని ఆపే సన్నని పొర ఏర్పడేలా చేయడానికి, పనికొస్తుంది, మందపాటి నల్ల పొరని తీయలేదు. పికిలింగ్‌నీ పాసివేషన్‌నీ ఒకటే అనుకుని సిట్రిక్ కొని, పనిచేయలేదని మళ్లీ పేస్ట్‌కి వెళ్లేవాళ్లు చాలామంది.

పేస్టే వాడాల్సి వస్తే గ్లౌజులు నియోప్రీన్ లేదా బ్యూటైల్ రబ్బరువి, మందంగా, ముంజేయి దాకా ఉండేవి తీసుకోండి. డబ్బాల్లో వందేసి వచ్చే పలుచని నైట్రైల్, లేటెక్స్ గ్లౌజులు లోపలి వరసగా పనికొస్తాయి, ఒక్కటే తొడిగితే నమ్మకూడదు. రసాయనం గ్లౌజు గుండా లోపలికి ఇంకడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే, తయారీదారు ఇచ్చే పర్మియేషన్ పట్టికలో హెచ్‌ఎఫ్ అని విడిగా, మీరు వాడే గాఢతకి ఉన్న సమయం చూడాలి. సల్ఫ్యూరిక్ వరస చూసి ఇదీ అంతే అనుకోకూడదు. తొడిగే ముందు ప్రతిసారీ గాలి ఊది, నొక్కి చూడండి. చిన్న రంధ్రం ఉన్న గ్లౌజు అసలు లేకపోవడం కంటే హీనం, ఎందుకంటే లోపలికి దిగింది అక్కడే నిలిచిపోతుంది, మీకేమో తెలియదు. కళ్లకి గాగుల్స్, వాటి మీద ఫేస్ షీల్డ్. పీవీసీ ఏప్రన్, రబ్బరు బూట్లు. ప్యాంటు బూటు బయటికి ఉండాలి, లోపలికి దూర్చకూడదు.

పేస్ట్ పూసేది గాలి ఆడే చోట, వీలైతే ఎగ్జాస్ట్ కింద. వేడిగా ఉన్న స్టీలు ముక్క మీద పూయొద్దు, ఆరిపోయేదాకా వదలొద్దు. కడిగేటప్పుడు హై ప్రెజర్ జెట్ పెడితే తుంపర మొహం మీదికే వస్తుంది, ముందు మెల్లగా నీళ్లు పారించి తర్వాత జెట్ పెట్టండి. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ చేయకండి.

నిల్వకి హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ డబ్బాలే. గాజు సీసా, పింగాణీ, పాత కూల్‌డ్రింక్ బాటిల్ వద్దు. లోహాలతో చాలావాటితో కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. నీళ్లు లేని హెచ్‌ఎఫ్‌ని ఉక్కు ట్యాంకుల్లో పెట్టగలరు, ఎందుకంటే లోపల ఫ్లోరైడ్ పొర ఏర్పడి ఉక్కుని కాపాడుతుంది. అదే యాసిడ్ పలుచబడితే ఉక్కుని తినేస్తుంది. ఈ తేడా తెలియక పెద్ద ప్లాంట్లలో చూసిన ఉక్కు పైపులని చిన్న చోట పెట్టాలనుకుంటారు.

ఒక్క షరతు మాత్రం దేనికోసమూ సడలించొద్దు. 2.5 శాతం కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందే దూరంలో, గడువు దాటకుండా లేకపోతే డబ్బా మూత తీయొద్దు. ఖర్చు అని మేనేజర్ అంటే పని ఆపండి. ఆ జెల్‌లోని కాల్షియం ఫ్లోరైడ్‌ని పట్టుకుంటుంది, మీ ఒంట్లోని కాల్షియం జోలికి పోకుండా. అలాగే దగ్గర్లోని ఆసుపత్రికి ముందే వెళ్లి హెచ్‌ఎఫ్ వాడుతున్నామని చెప్పి, కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్లు ఉన్నాయో లేదో కనుక్కోండి. ప్రమాదం జరిగాక అక్కడ కూర్చుని వివరించే టైమ్ ఉండదు.

పడితే ఏం చేయాలంటే, అనుమానమైనా చాలు, నొప్పి కోసం ఎదురు చూడకుండా నీళ్ల కిందికి వెళ్లండి. నీళ్లు పడుతుండగానే తడిసిన బట్టలు, గ్లౌజులు, వాచీ, ఉంగరం తీసేయండి. జెల్ ఉంటే ఐదు నిమిషాల ధారాళమైన కడుగు చాలు, తర్వాత ఆ టైమ్ జెల్‌కి ఇవ్వడమే మేలు. లేకపోతే జెల్ వచ్చేదాకా కడుగుతూనే ఉండాలి. జెల్ దట్టంగా పూసి మర్దన చేయాలి, పూసేవాళ్లు కూడా గ్లౌజు వేసుకోవాలి, లేకపోతే వాళ్లకీ అంటుకుంటుంది. వేళ్లకి పడితే శుభ్రమైన గ్లౌజులో జెల్ నింపి చేతికి తొడగడం తేలికైన పద్ధతి. మళ్లీ మళ్లీ పూస్తూ ఆసుపత్రికి బయల్దేరండి, చిన్న మచ్చ అయినా సరే. డబ్బా లేబుల్ లేదా సేఫ్టీ డేటా షీట్ వెంట తీసుకెళ్లండి.

ఆసుపత్రిలో ఒక్క మాట తప్పకుండా చెప్పండి, ఇది మామూలు యాసిడ్ కాలిన గాయం కాదు, హెచ్‌ఎఫ్ అని. ఈసీజీ తీస్తారు, రక్తంలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చూస్తారు, అవసరాన్ని బట్టి కాల్షియం గ్లూకోనేట్‌ని చర్మం కిందో, రక్తనాళంలోనో ఇస్తారు. చికిత్స పనిచేస్తుందా లేదా అన్నదానికి నొప్పి తగ్గడమే గుర్తు. అందుకే దారిలో మత్తు పూతలు పూయొద్దు, ఆ గుర్తు పోతుంది.

కంట్లో పడితే కనురెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 15 నిమిషాలు నీళ్లు పోయాలి, వెంటనే తీసుకెళ్లాలి. చర్మానికి వాడే జెల్ కంట్లో పెట్టకూడదు. పొగ పీల్చినవాళ్లని బయటి గాలికి తెచ్చి, బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి పంపండి. మింగితే వాంతి చేయించొద్దు. చర్మం మీద సున్నం, సోడా లాంటివి రుద్దడం అసలు వద్దు.

ఒలికినదానికీ, కడిగిన నీళ్లకీ మందు సున్నమే. ఇక్కడ చాలామంది కాస్టిక్ సోడానో, సోడా యాష్‌నో పోసి పీహెచ్ పేపర్ పెట్టి 7 వచ్చింది, అయిపోయింది అంటారు. యాసిడ్ పోయిన మాట నిజమే, ఫ్లోరైడ్ పోలేదు. అది సోడియం ఫ్లోరైడ్‌గా నీళ్లలో కరిగే ఉంది, అదీ విషమే. సున్నం వేస్తే కాల్షియం ఫ్లోరైడ్ అవుతుంది. అది లీటరు నీటిలో సుమారు 16 మిల్లీగ్రాములే కరుగుతుంది, మిగతాది అడుగున కూరుకుంటుంది. గాఢంగా ఉన్నదాని మీద సున్నం ఒక్కసారిగా కుమ్మరించకండి, వేడెక్కి చిమ్ముతుంది. అంచుల నుంచి కొద్దికొద్దిగా వేయాలి. పికిలింగ్ కడుగు నీళ్లలో స్టీలు నుంచి కరిగిన క్రోమియం, నికెల్ కూడా ఉంటాయి కాబట్టి సున్నం వేశాక కూడా డ్రైనేజీలో వదలకూడదు. ఆ బురదనీ నీళ్లనీ ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే లైసెన్సున్న వాళ్లకే ఇవ్వాలి.

తుప్పు వదిలించే ద్రవాలు, అల్యూమినియం చక్రాలు మెరిపించే ద్రవాలు మీ షెడ్డులో ఉంటే వాటి లేబుల్ కూడా చదవండి. ‘అమ్మోనియం బైఫ్లోరైడ్’ అని ఉంటే తడి తగిలినప్పుడు అదీ హెచ్‌ఎఫ్‌లాగే ప్రవర్తిస్తుంది, ఇదే జెల్, ఇవే జాగ్రత్తలు. హెచ్‌ఎఫ్ అన్న పేరు లేకపోవడంతో వాటిని ఉత్త చేతులతో వాడేస్తుంటారు.

ఖాళీ డబ్బాలని మూడుసార్లు నీళ్లతో కడిగి, ఆ నీళ్లని కూడా సున్నం తొట్టిలోనే పోయండి. తర్వాత డబ్బాకి కింద, పక్కల పెద్ద రంధ్రాలు పెట్టి, లేబుల్ కొట్టేసి, అదే వ్యర్థాలతో పంపండి. రంధ్రాలు పెట్టకపోతే గట్టి ప్లాస్టిక్ డబ్బా కదా అని ఎవరో ఒకరు ఇంటికి నీళ్లకి పట్టుకుపోతారు.